ఐదు వందల్లో మనసు

మెయిల్ మీకూ వచ్చే ఉంటుంది. సీక్రెట్ శాంటా. క్రిస్మస్‌కి ఆఫీసులో చీటీలు తీసి, వచ్చిన పేరుకి గుట్టుగా కానుక ఇవ్వాలి. ఐదు వందలు దాటకూడదు. నగదు వద్దు, గిఫ్ట్ కార్డు వద్దు, మిఠాయి పెట్టె అసలే వద్దు. అన్నిటికీ మించి బహుమతిని ‘మనసు పెట్టి’ ఎంచాలట. ఆ రెండు మాటల్నీ లావు అక్షరాల్లో వేశారు. డబ్బుకి హద్దు పెట్టారు గానీ మనసుకి పెట్టలేదు. ఎవరెంత పెట్టుకున్నా కంపెనీకి అభ్యంతరం లేదు.

చీటీలో నాకెవరు వచ్చారో చెప్పకూడదు. చెబుదామన్నా ఆయన గురించి నాకు తెలిసింది ఒక్కటే. సోమవారం కాల్‌లో మ్యూట్ తీయకుండా రెండు నిమిషాలు మాట్లాడి, తీశాక ‘‘వినిపిస్తోందా?’’ అంటారు. మ్యూట్ గారనే అందాం. ఈ పాటి పరిచయంతో ఆయన అంతరంగం కనిపెట్టి, ఆయనకే తెలియని కోరికేదో ఐదు వందల లోపు తీర్చాలి. కట్టుకున్నావిడకి కూడా ఆ సంగతి అంతుబట్టి ఉండదు.

సలహా కోసం ఫోన్ తెరిచాను. డిసెంబరు పుట్టిందంటే చాలు, ‘తక్కువ ఖర్చులో మనసు దోచే కానుకలు’ అంటూ రీళ్ల మీద రీళ్లు. పేరు రాసిన మగ్గుల గురించి మాట్లాడను, ప్రతి ఇంట్లోనూ పెన్నులు పెట్టుకోవడానికి ఒకటి ఉంది. వాసన కొవ్వొత్తి అంటారు. మన ఇళ్లలో ఉన్న అగరుబత్తి ఏం పాపం చేసింది? మొక్క కుండీ అయితే, ఇచ్చినవాడి పని ఆ పూటతో సరి. తీసుకున్నవాడికి రోజూ నీళ్లు పోసే ఉద్యోగం.

ఇక సీసా. దీన్ని మాత్రం ఊరికే వదలను.

రీల్‌లో ఒకమ్మాయి ఖాళీ సీసా చూపించి ‘‘ఖర్చు సున్నా’’ అంటుంది. దాన్నిండా రంగు కాగితాల చీటీలు వేయాలి. ‘మీరు నాకెందుకు ఇష్టమంటే...’ అని మొదలుపెట్టి ఒక్కో చీటీ మీద ఒక్కో కారణం రాయాలి. మూతకి జనపనార తాడు చుట్టి, లోపలికి బుల్లి లైట్ల తీగ దించితే అయిపోయింది. అందుకున్నవాళ్లు రోజుకో చీటీ తీసి చదువుకుని కళ్లు తుడుచుకుంటారు.

అసలు మన ఇళ్లలో ఖాళీ సీసా ఎక్కడ ఏడ్చింది? ఖాళీ అయిన మరుక్షణం అందులోకి మెంతులో జీలకర్రో దూరిపోతాయి. ఎవరూ ముట్టుకోకుండా మిగిలేది ఆవకాయ సీసా ఒక్కటే. సబ్బుతో తోమండి, నిమ్మచెక్కతో రుద్దండి, రెండు రోజులు ఎండలో బోర్లించండి. మ్యూట్ గారు మూత తీసి ‘మీ చిరునవ్వే మాకు స్ఫూర్తి’ అని చదివేలోగా ఆవపిండి ఘాటు నసాళానికి అంటుతుంది. ఆ కానుక మొత్తంలో అబద్ధం కానిది ఆ ఘాటే.

పోనీ ఆ సున్నా అయినా నిజమా? తాడు, లైట్ల తీగ, బ్యాటరీ, రంగు కాగితాలు, గ్లూ గన్. వీటిలో ఏది మీ ఇంట్లో ఉంది? అన్నిటికీ లింకులు రీల్ కిందే ఉంటాయి. వాటిని నొక్కి కొంటే ఆ అమ్మాయికి కమీషన్. డబ్బు లేదని అందంగా చెప్పుకోవడానికి కూడా డబ్బు పెట్టి సరంజామా కొనుక్కోవాలన్నమాట.

అయినా కారణాలు రాద్దామని కూర్చున్నాను. ‘మీరు టైముకి లాగిన్ అవుతారు.’ ‘మీరు రిప్లై ఆల్ కొట్టరు.’ ఇది మాత్రం నిజంగా అరుదైన గుణం. ‘మీ టిఫిన్ డబ్బా వాసన మా వరుస దాకా రాదు.’ ఆ తర్వాత పెన్ను మొరాయించింది. చూసుకుంటే నేను రాస్తున్నది ప్రేమలేఖా కాదు, స్నేహలేఖా కాదు, అచ్చంగా అప్రైజల్ ఫారం. ఇంతకీ చీటీలన్నీ చదివాక ఆ సీసాని ఆయనేం చేసుకోవాలి? ఇంట్లో ఉంచుకుంటే చెత్త, పారేస్తే పాపం.

ఇలాంటి వాటికి సాక్ష్యంగా ఓ. హెన్రీ 1905లో రాసిన కథని లాక్కొస్తారు. ఆ కథలో మొగుడికి కానుక కొనడానికి భార్య చేతిలో ఉన్నది ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లే, నిజం. దాంతో ఆవిడ సీసాకి తాడు కట్టిందా? చాలదని తెలిసి జుట్టు కోయించుకుని ఇరవై డాలర్లు తెచ్చింది. ఆవిడ కానుక కోసం మొగుడు గడియారం అమ్ముకున్నాడు. పొదుపు చిట్కాలకి ఆ కథ దొరికిందా వీళ్లకి? మత్తయి సువార్తలో తూర్పు జ్ఞానులు బాల యేసుకి తెచ్చినవైనా బంగారం, సాంబ్రాణి, బోళం. చేత్తో చేసిన కార్డు కాదు.

జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికా ఆర్థికవేత్త 1993లో ఈ పండగ కానుకల మీదే లెక్క కట్టాడు. పుచ్చుకున్నవాళ్లు ఆ వస్తువులకి కట్టే విలువ, కొన్న ధర కంటే తక్కువ. పదో వంతు నుంచి మూడో వంతు దాకా గాలికి పోతోందన్నాడు. నగదైతే పైసా పోదు. మనవాళ్లు ముందుగా నిషేధించింది దాన్నే.

ఇంతకీ ఈ ఐదు వందలు ఎవరివి? నావి. నాకు రాబోయేవి పక్క టీమువాడివి. కంపెనీ ఇచ్చేదేమిటి? లాబీలో ఒక ప్లాస్టిక్ చెట్టు, పక్కన లోగోతో ఫొటో దిగే చోటు. ఒకప్పుడు పండక్కి యజమాని ఇచ్చేవాడు, పనివాళ్లు పుచ్చుకునేవాళ్లు. ఇప్పుడు మా జేబులు మేమే ఖాళీ చేసుకుని ఒకరికొకరం ఇచ్చుకుంటే, ఆ ఫొటోలు కంపెనీ పేజీలో ‘మా కుటుంబం’ అని పడతాయి. ఈ ఏడు ఇంక్రిమెంట్లు లేవన్న నోటితోనే మనసు పెట్టమంటున్నారు. సిగ్గుండాలి.

మా అంతస్తు ఊడ్చే ఆమెది మెదక్ వైపు. నాకు తెలిసి ఆ అంతస్తు మొత్తంలో క్రిస్మస్ నిజంగా పండగైన మనిషి ఆమె ఒక్కతే. ఇంటి ముందు నక్షత్రం, సంఘంలో సెమీ క్రిస్మస్, రాత్రుళ్లు క్యారల్స్, పిల్లలకి కొత్త బట్టలు, ఇరుగుపొరుగుకి పిండివంటలు. కానీ కాంట్రాక్టు మనిషి. చీటీల్లో ఆమె పేరు లేదు. 24న మేం చింపి పడేసే రంగు కాగితాలు ఎత్తిపోసేది మాత్రం ఆమే. బోనస్ వచ్చిందా అని అడిగాను. ‘‘ఎవర్నడగాలె సార్? ఏజెన్సీల అడిగితే కంపెనీని అడుగుమంటరు, కంపెనీల అడిగితే ఏజెన్సీని అడుగుమంటరు’’ అంది.

బోనస్ చట్టం 1965లోనే వచ్చింది. అర్హత ఉన్నవాళ్లకి జీతంలో కనీసం 8.33 శాతం, అంటే ఏడాదికి ఇంచుమించు ఒక నెల జీతం. దానికి మనసు అక్కర్లేదు, ఒక సంతకం చాలు. ఆమె ప్రతి ఏడూ వెళ్లే మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. కరువు రోజుల్లో దాన్ని కట్టించిన పాస్నెట్ దొర అక్కడ జనానికి పని చూపించి, తిండి పెట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మీ చిరునవ్వు బాగుందని చీటీలు పంచాడని మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ప్రభుత్వాలే నయమనిపిస్తాయని ఎన్నడూ అనుకోలేదు. తెలంగాణలో క్రిస్మస్‌కి బట్టలు పంచారు. ఆంధ్రలో ‘చంద్రన్న క్రిస్మస్ కానుక’ అని రేషన్ దుకాణంలో సరుకులు ఇచ్చారు. ఓట్ల కోసమే కావచ్చు. అయినా సంచి విప్పితే బెల్లం ఉంది, గోధుమపిండి ఉంది.

మ్యూట్ గారికి కవరులో ఐదు వందల నోటు పెట్టి ఇస్తున్నాను. ఏం కావాలో ఆయనే కొనుక్కుంటారు. నిన్న హెచ్‌ఆర్ మెయిల్‌కి రిప్లై ఆల్ కొట్టి, హౌస్‌కీపింగ్ వాళ్ల బోనస్ సంగతేమిటని అడిగాను. హెచ్‌ఆర్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. వచ్చిన స్పందన ఒక్కటే. మ్యూట్ గారు బొటనవేలు బొమ్మ పెట్టారు.