కిమ్ గారి ఉద్యోగం, మన వాళ్ల పాఠాలు

సియోల్‌లో సొంత ఫ్లాటు, టెలికాం కంపెనీలో 25 ఏళ్ల సర్వీసు, సేల్స్ విభాగంలో పెద్ద కుర్చీ. కిమ్ నాక్‌సు ఆస్తిపాస్తులు ఇవి. కొరియా జేటీబీసీ చానల్‌లో 2025 అక్టోబరు చివర్లో మొదలై నవంబరు ఆఖరుకు ముగిసిన 12 భాగాల సిరీస్‌లో అవి ఒక్కొక్కటే చేజారిపోతాయి. హత్య లేదు, పగ లేదు, పూర్వజన్మ లేదు. యాభై ఏళ్ల ఉద్యోగి ఒక్కో మెట్టూ కిందికి దిగుతుంటాడు, ర్యూ సుంగ్‌ర్యోంగ్ ఆ దిగడాన్ని కళ్లకు కట్టేలా నటిస్తాడు. అంతే కథ.

నెట్‌ఫ్లిక్స్ పుణ్యమా అని ఈ సిరీస్ గచ్చిబౌలి, మాదాపూర్ల దాకా వచ్చింది. ఇక్కడ దాన్ని చూసే విధానంలో మూడు దశలున్నాయి. ఒకటిన్నర రెట్ల వేగంతో చూసి, ఎంత నింపాదిగా తీశారో అని మెచ్చుకోవడం మొదటిది. ఎనిమిదో భాగం దగ్గర కళ్లు తుడుచుకోవడం రెండోది. మూడోది అసలు ఘట్టం: కిమ్ గారి నుంచి నేర్చుకున్న పాఠాలను లింక్డ్‌ఇన్‌లో పెట్టడం.

ఈ పాఠాలకు ఒక శాస్త్రం ఏర్పడింది. సంఖ్య ఎప్పుడూ బేసిలోనే ఉండాలి: అయిదు, ఏడు, మరీ జ్ఞానం పొంగితే పదకొండు. ఎనిమిది పాఠాలు నేర్చుకున్న మనిషి ఇంతవరకూ కనపడలేదు. వాక్యానికో పేరా, పేరాకో రాకెట్ బొమ్మ. చివర్లో 'మీరేమంటారు?' అని ఒక ప్రశ్న. దాని కింద 'వెల్ సెడ్ సర్' అంటూ అదే ఆఫీసులో అదే సారు కింద పనిచేసేవాళ్ల వరస.

మొదటి పాఠం అందరికీ ఉమ్మడి: హోదాయే నువ్వనుకోకు. రాసినాయన పేరు పక్కనే సీనియర్ వైస్ ప్రెసిడెంట్ అని ఉంటుంది. ఆ పక్కన మాజీ ఫలానా, మాజీ ఫలానా, ఒక అవార్డు, నలభై ఏళ్లలోపు నలభై మంది జాబితాలో చోటు. పేరు కనిపించాలంటే కాస్త వెతకాలి.

రెండో పాఠం వినయం. కిమ్ బ్యాగు కొనేటప్పుడు కూడా పై అధికారి బ్యాగు కన్నా తక్కువ ధరలో, కింది వాళ్ల బ్యాగు కన్నా ఎక్కువ ధరలో ఉండాలని లెక్కలేస్తాడు. ఆ అహమే అతని కొంప ముంచిందని పోస్టులన్నీ తేల్చేశాయి. పాతికేళ్లపాటు ఆ లెక్క నేర్పిందీ, ఆ లెక్క ప్రకారమే ప్రమోషన్లు ఇచ్చిందీ కంపెనీయే అన్న సంగతి ఏడు పాఠాల్లోనూ ఇమడలేదు.

మూడో పాఠం రెండో ఆదాయం. ఉద్యోగాన్ని నమ్ముకోకు, పక్కన మరోటి చూసుకో అంటారు. కిమ్ చేసింది సరిగ్గా అదే. వచ్చిన రిటైర్మెంటు సొమ్మును అద్దె వస్తుందని ఒక దుకాణం మీద పెట్టి నిలువునా మోసపోయాడు. పాఠం చెప్పేవాళ్లు ఆ భాగాన్ని ఏ వేగంతో దాటించారో వాళ్లకే తెలియాలి. అదే పోస్టు కింద రెండో కామెంటు ఎవరిదో చూడండి: హైదరాబాద్ శివార్లలో కమర్షియల్ స్పేస్, నెలనెలా గ్యారంటీ అద్దె, ప్రీలాంచ్ ఆఫర్, ఈ ఆదివారమే సైట్ విజిట్, భోజనం ఉచితం. రెరాలో నమోదు కాకుండా అమ్మకూడదని 2016 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టాన్ని పాఠంగా పెట్టినవాళ్లు లేరు.

నాలుగో పాఠం కంఫర్ట్ జోన్ దాటడం. కంపెనీ కిమ్‌ను ఆసాన్‌లోని ఫ్యాక్టరీకి విసిరేయడానికి వీళ్లు పెట్టిన పేరది. అయిదోది శ్రమకు గౌరవం. చివరికి కిమ్ కార్లు కడుగుతాడు కదా. అపార్టుమెంటులో కారు తుడిచే కుర్రాడు నెలకు వంద పెంచమంటే వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి దాకా చర్చ పెట్టేది ఈ గౌరవనీయులే.

2018లో కొరియాలోనే టీవీఎన్ చానల్‌లో 'మై మిస్టర్' సిరీస్ వచ్చింది. అందులోనూ నలభై దాటిన ఇంజినీరు, ఉద్యోగం పోయిన అతని అన్న ఉన్నారు. అప్పటికి ఈ పాఠాల జబ్బు ఇంత ముదరలేదు కాబట్టి జనం చూసి, బాధపడి, ఊరుకున్నారు.

ఇక్కడితో నవ్వు ఆపాలి. ఈ పాఠాలన్నీ ఉద్యోగం పోయినవాడికే. తీసేసినవాడికి ఒక్కటీ లేదు. కొరియా చట్టం ప్రకారం పదవీ విరమణ వయసు 60. కంపెనీలు యాభై దాటకముందే తలుపు చూపిస్తాయి. కిమ్ వయసు వాళ్లకు జాతీయ పెన్షన్ 65 ఏళ్లకు గానీ మొదలు కాదు. మధ్యలోని పదిహేనేళ్లు ఏం తిని బతకాలి? వినయమా?

మన దగ్గర తెలంగాణ ప్రభుత్వోద్యోగి 61 దాకా, ఆంధ్రప్రదేశ్ ఉద్యోగి 62 దాకా పనికొస్తాడని ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగి మాత్రం 45కే ముసలివాడు. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామని చెప్పింది, అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయిల వాళ్లే. అంతకుముందు బీఎస్ఎన్ఎల్ స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద 2020 జనవరి 31న ఒక్కరోజే 78 వేల మందికి పైగా ఇళ్లకు వెళ్లారు. అందరూ యాభై నిండినవాళ్లే, కిమ్ లాగే టెలికాం వాళ్లే. జీతాలు నెలల తరబడి ఆలస్యం చేసి, ఆ తర్వాత స్వచ్ఛందంగా వెళ్లండన్నారు. వాళ్లలో లైన్‌మన్‌లున్నారు, ఎక్స్ఛేంజీల్లో జీవితం గడిపినవాళ్లున్నారు. వాళ్ల నుంచి ఏడు పాఠాలు ఎవరూ నేర్చుకోలేదు.

పిల్ల ఇంజినీరింగ్ ఫీజు, ఇంటి ఈఎంఐ, అమ్మ మోకాలి ఆపరేషన్ ఒకే నెలలో వచ్చి పడినవాడికి తనను తాను కనుగొనే తీరిక ఉండదు. వాడికి కావలసింది జీతం, అది పోతే చట్ట ప్రకారం రావలసిన పరిహారం, ముసలితనంలో పెన్షన్. ఆ పెన్షన్ సంగతీ చూసుకోవచ్చు. ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్)లో 15 వేల జీతం పరిమితి మీద చందా కట్టి, పాతికేళ్ల సర్వీసు చేసిన హైదరాబాద్ కిమ్‌కు 58వ ఏట చేతికొచ్చేది నెలకు ఆరు వేలు దాటదు.