నార్మలే!

ఒకరికి చేయిస్తే రెండోవారికి ఉచితం అన్నారని మా బాబాయి, పిన్ని ఇద్దరూ ల్యాబ్‌లో రక్తమిచ్చారు. సాయంత్రానికి రిపోర్టులొచ్చాయి. బాబాయి కళ్లజోడు పెట్టుకుని తిన్నగా ఎస్‌జీపీటీ అన్న వరస మీద వేలు పెట్టాడు. నలభై లోపుంటే నార్మలని ఆయనకెవరో చెప్పారు. తనది 32. పిన్నిది 74. మిగతా వరసల జోలికే పోలేదు.

"రోజూ పెగ్గులేసేది నేను, లివరు చెడింది మజ్జిగ తాగే మనిషికి!" అని వీధంతా చాటాడు. ఆ సంబరంలో ఆ రాత్రి ఇంకోటి ఎక్కువే పోసుకున్నాడు. పిన్ని అన్నం ముట్టలేదు.

మర్నాడు ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి బాబాయే బయల్దేరదీశాడు. తోడు నేను. "మందు మానెయ్యమని మా ఆవిడకి గట్టిగా చెప్పండి డాక్టరుగారూ" అని జోకు కూడా వేశాడు.

డాక్టరు పిన్ని రిపోర్టులూ స్కానింగూ తిరగేశాడు. "హెపటైటిస్ బి, సి రెండూ లేవు. ఫ్యాటీ లివర్ అమ్మా. సుగరుంది, బరువుంది. ఒంటి బరువులో పదోవంతు తగ్గించండి, చాలావరకు సర్దుకుంటుంది. కంగారేం లేదు" అన్నాడు.

తర్వాత బాబాయి కళ్లవంకే కాసేపు చూసి, "మీదీ ఇలా ఇవ్వండి" అన్నాడు. చదివి, చెప్పులు విప్పమన్నాడు. చీలమండ పైన బొటనవేలితో నొక్కి వదిలాడు. గుంట అలాగే ఉండిపోయింది.

"ఆల్బుమిన్ తయారుచేసేది లివరే. మూడున్నరకి తగ్గకూడదు, మీకు 2.6 ఉంది. అది పడిపోతే ఇలా నీరు దిగుతుంది. ప్లేట్‌లెట్లు లక్షన్నర ఉండాల్సింది, 78 వేలే ఉన్నాయి. బిలిరుబిన్ రెండు దాటింది. చూడబోతే సిర్రోసిస్. ఇవాళే అడ్మిటవ్వండి, ఎండోస్కోపీ కూడా చెయ్యాలి."

బాబాయి గొంతు తడారిపోయింది. "మరి... నా ఎస్‌జీపీటీ నార్మలే కదండీ?"

"అది లివరు కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి కారే ఎంజైము మాస్టారూ. అమ్మగారికి కణాలున్నాయి, కారుతోంది. మీకు కారడానికి ఇంకేం మిగిల్చారని?"