రొయ్యకు నివాస ధ్రువపత్రం

రొయ్యకూ సొంత రాష్ట్రం ఉంటుందని 1947లో అమెరికాలోని సౌత్ కరోలినా కనిపెట్టింది. తీరం నుంచి మూడు మైళ్ల లోపల రొయ్యల వేటకు స్థానికుల పడవ లైసెన్సు 25 డాలర్లు, బయటివాళ్ల పడవకు 2,500. తేడా ఎంత, రెండు సున్నాలేగా!

పట్టిన సరుకును రాష్ట్రం దాటించే ముందు అక్కడి రేవులోనే దింపి, ప్యాక్ చేసి, పన్ను స్టాంపు అంటించాలని కూడా చట్టంలో రాసుకున్నారు. రొయ్య పొరుగువాడిదైనా కూలి మనూరిదే కావాలి మరి.

ఇదంతా సంరక్షణ కోసమేనని, పైగా నీళ్లలోని జీవాలు తమ ప్రజల ఆస్తి అని ప్రభుత్వం గంభీరంగా వాదించింది. ఆ ఆస్తి మాత్రం నార్త్ కరోలినా, ఫ్లోరిడాల మధ్య ఏ చెక్‌పోస్టులోనూ ఆగకుండా తిరుగుతుంది. జార్జియా జాలర్లు కోర్టుకెక్కారు. బయటివాళ్ల వల్ల నిజంగా అదనపు ఖర్చయితే ఆ మేరకు తీసుకోవచ్చు గానీ ఈ బాదుడు కుదరదని 1948లో సుప్రీంకోర్టు తేల్చింది. మాట సబబే.

అప్పటికింకా రాష్ట్రం కాని అలాస్కా కాస్త మొహమాటపడి పదింతలతో సరిపెట్టుకుంది: 5 డాలర్లు, 50 డాలర్లు. 1952లో అదీ వీగిపోయింది.

బతుకుదెరువు కాక సరదా వేటైతే లెక్క వేరు. ఎల్క్ దుప్పి వేటకు బయటివాళ్ల దగ్గర మోంటానా 225 డాలర్లు గుంజితే 1978లో అదే కోర్టు సరేనంది. ఆ మొత్తానికి ఎల్క్‌తోపాటు ఇతర వేటలనూ కలిపి అంటగట్టేవారు. అన్నీ కలిపి స్థానికుడికి 30 డాలర్లే, ఎల్క్ ఒక్కటే చాలనుకుంటే 9.