చెదల తరఫున వకాల్తా

మా తణుకులో ఒక మనిషి గురించి వాకబు చెయ్యాలంటే ఒకప్పుడు ఒక పద్ధతుండేది. పెళ్ళిళ్ళ పేరయ్య గోస్తనీ వంతెన దాటొచ్చి, వీధి మొదట్లో కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి, నిమ్మసోడా తాగుతూ "ఫలానావారి అబ్బాయి ఎలాంటోడండీ?" అని అడిగేవాడు. కొట్టాయన "బంగారవండి, ఆయ్" అనేవాడు. కాకపోతే అనేముందు కాసేపు ఆగేవాడు. ఎంతసేపు ఆగాడన్నదే రిపోర్టు. పేరయ్య దాన్ని మనసులో కొలుచుకుని వెళ్ళిపోయేవాడు. రాతకోతలేమీ ఉండేవి కావు. నాలుగేళ్ళు గడిస్తే ఆ ఆగడం కూడా తగ్గిపోయేది.

ఇప్పుడు పేరయ్యకి సోడా ఖర్చు లేదు. ఎక్కడో పడక్కుర్చీలో కూర్చుని పేరు, ఇంటిపేరు, ఊరు ఫోన్లో కొడతాడు. మా బాబాయి రెండోవాడికి దాదాపు కుదిరిన సంబంధం కిందటి శ్రావణంలో అలాగే ఎగిరిపోయింది.

వాడు చేసిన నేరమల్లా అన్నకి తమ్ముడై పుట్టడం. అన్నకీ వదినకీ పడలేదు. అత్తింటి వేధింపుల సెక్షన్ 498ఏ కింద కేసయింది. అన్న ఏ1, అంటే ఒకటో ముద్దాయి, బాబాయి ఏ2, పిన్ని ఏ3. ఆ రోజుల్లో హాస్టల్లో ఉండి ఇంజినీరింగు రెండో ఏడు చదువుతున్న వీడు ఏ4. ఏ4 మీద ఆధారమేమీ లేదని హైకోర్టు కేసు కొట్టేసిన రోజున బాబాయి వీధంతా పూతరేకులు పంచాడు. ఇప్పుడు మెడకి చుట్టుకున్నది ఆ పూతరేకుల తీర్పే. కేసు నడిచినన్నాళ్ళూ వీధిలో సగం మందికే తెలుసు. గెలిచాకే, తీర్పు ఇంటర్నెట్లోకి ఎక్కి, ప్రపంచానికి తెలిసింది.

తీర్పులు రాసే తీరు ఒకటుంది. ముందుగా వచ్చేది ప్రాసిక్యూషన్ కథ: ఎవరు ఎవర్ని ఏమన్నారు, ఎంత తెమ్మన్నారు. వాదనలు, పాత తీర్పులు నడిమధ్య. "కొట్టివేయడమైనది" అన్న ముక్క చిట్టచివర. మనవాళ్ళు పంచాంగంలోనే తమ రాశి దాటి తిప్పరు. ఇక హైకోర్టు తీర్పు చివరి పేజీ ఎవరు చూస్తారు? మొదటి పేజీలో మాత్రం పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, డోరు నంబరు అన్నీ పొందిగ్గా ఉంటాయి. శుభలేఖలో కూడా ఇన్ని వివరాలుండవు.

బాబాయి నన్ను వెంటేసుకుని ప్లీడరుగారి దగ్గరికి వెళ్ళాడు. "ఇంటర్నెట్లోంచి మావాడి పేరు తీయించాలండీ, ఖర్చెంతవుద్ది?" అన్నాడు.

"హైకోర్టులో రిట్టు వెయ్యాలండి. వెబ్‌సైటు వాళ్ళు కోర్టు ఆర్డరు తెమ్మంటారు."

"వేసేయండి మరి."

"పిటిషన్ మీద పేరు, తండ్రి పేరు, డోరు నంబరు రాయాలి."

బాబాయి కాసేపు ఆగాడు. కిళ్ళీకొట్టాయన కంటే ఎక్కువసేపే. "అవి కూడా ఇంటర్నెట్లోకి వస్తాయాండీ?"

"వస్తాయి. రాకుండా దాచమని విడిగా ఇంకో అర్జీ పెట్టుకోవచ్చు."

"దాని మీద?"

"దాని మీదా పేరుండాలి కదండీ."

ఇది మా ప్లీడరుగారి చమత్కారం కాదు, లోకం తీరే అంత. అప్పు బాకీకి తన ఇల్లు వేలానికొచ్చిందన్న 1998 నాటి పేపరు ప్రకటన గూగుల్లో కనపడకూడదని స్పెయిన్లో ఒకాయన కోర్టుకెక్కాడు. 2014 మే 13న యూరప్ పెద్ద కోర్టులో నెగ్గాడు కూడా. ఫలితంగా ఆయన ఇల్లు వేలానికొచ్చిన సంగతి ఇప్పుడు భూమ్మీద లా చదివే ప్రతి పిల్లాడికీ కంఠోపాఠం. మనవైపు చూస్తే, మాదకద్రవ్యాల కేసులో నిర్దోషిగా బయటపడ్డ అమెరికా పౌరుడొకాయన, అక్కడ ఉద్యోగాలు రావడం లేదని ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాడు. 2021 ఏప్రిల్ 12న ఆయనకి అనుకూలంగా మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. గూగుల్‌నీ, తీర్పులు పెట్టే వెబ్‌సైటు ఇండియన్ కానూన్‌నీ ఆ పాత తీర్పు కనపడకుండా చెయ్యమన్నారు. ఇలా చెరిపించుకునే మరుపు హక్కు గురించి ఎవరు వాదించినా ముందుగా ఉదహరించేది ఆ ఉత్తర్వునే. దాని శీర్షికే ఆయన పేరు. నేను మాత్రం రాయను. నా వంతు మరుపు నేను పాటిస్తున్నాను.

మద్రాసులోదైతే సీరియలే. నిర్దోషిగా తేలిన ఒకాయన పేరు తీసేయమని అడిగితే 2021 ఆగస్టులో ఒక జడ్జిగారు కుదరదన్నారు. 2024 ఫిబ్రవరి 27న ఇద్దరు జడ్జీలు ఆ తీర్పు సైటులోంచి తీసెయ్యమన్నారు. ఇండియన్ కానూన్ వారు సుప్రీంకోర్టుకి వెళితే, అదే ఏడు జూలై 24న స్టే వచ్చింది. మరుపుకి కూడా వాయిదాలే.

ఈ గొడవకి మన గోదావరితో చుట్టరికం ఉందండోయ్. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్నప్పుడు ఖరక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ ఆయన కేసు వచ్చింది. 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేదని వదిలేశారాయన్ని. అయినా పోలీసులు హిస్టరీ షీటు తెరిచి, అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టేవారు. అంటే ఆయన కూడా మా ఏ4 బాపతే. 1962 డిసెంబరు 18న ఆరుగురు జడ్జీల్లో ఎక్కువమంది, రాత్రిళ్ళు తలుపు కొట్టడం తప్పే గానీ గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నారు. సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. అది స్వేచ్ఛలో భాగమేనని విడిగా రాశారు. ఆ మాటే రైటని తొమ్మిదిమంది జడ్జీలు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో ఒప్పుకున్నారు. గోదావరి మనిషి మాట ఢిల్లీకి అర్థమవడానికి యాభై అయిదేళ్ళు పట్టింది. మా వెటకారం అర్థమవడానికి ఇంకా పడుతుంది.

ఆ కానిస్టేబులు నయం, రాత్రిపూట మాత్రమే వచ్చేవాడు. గూగుల్ హిస్టరీ షీటుకి పగలూ రాత్రీ లేదు.

అటువైపు చూస్తే మన హైకోర్టులో జడ్జిగా చేసి తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్ళిన బి.పి. జీవన్ రెడ్డిగారు ఉన్నారు. 1994లో ఆటో శంకర్ అనే ఖైదీ ఆత్మకథ కేసులో ఆయన, కోర్టు రికార్డులోకి ఎక్కిన సంగతికి గోప్యత వర్తించదన్నారు. లైంగిక దాడికి గురైన స్త్రీల పేర్లకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఇంటర్నెట్ ఇంకా మన వీధికి రాని రోజులవి. అప్పటి రికార్డంటే రికార్డు రూములో బీరువా, దాని వెనకాల చెదలు. కాపీ కావాలంటే అర్జీ పెట్టాలి, గుమాస్తాగారి మంచిమూడు కోసం ఎదురుచూడాలి. బహిరంగమే గానీ చేతికందేది కాదు. పైగా కాలం తీరిన కాగితాలు ధ్వంసం చెయ్యడానికి ఇంగ్లీషువాడు 1917లోనే ఒక చట్టం చేసిపెట్టాడు. చట్టానికి తీరిక లేకపోతే చెదలు చూసుకునేవి. మరుపు హక్కుని ఫీజు తీసుకోకుండా, వాయిదా అడగకుండా అమలుచేసిన ఏకైక సంస్థ అది. సర్వరుకి చెద పట్టదు. 2023లో వచ్చిన డేటా చట్టం చెరిపించుకునే హక్కు ఇచ్చింది గానీ, కోర్టు పనికి మినహాయింపు కూడా అందులోనే పెట్టింది.

ఇంకో ముచ్చట. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం మొగుడూ పెళ్ళాల విచారణ తలుపులు మూసి జరపాలి. వివరాలు అచ్చేస్తే జరిమానా. ఎంతనుకున్నారు? వెయ్యి రూపాయల దాకా! మా ఊళ్ళో మంచి హోటల్లో నలుగురు బిర్యానీ తింటే అంతకంటే ఎక్కువవుద్ది.

అలాగని తీర్పులే తీసెయ్యమంటే నేను ఒప్పుకోను. 2008లో సుశాంత్ సిన్హా అనే కంప్యూటరు ఇంజినీరు ఇండియన్ కానూన్ మొదలుపెట్టాకే కదా, తణుకు జూనియరు ప్లీడరు కూడా బీరువాడు లా రిపోర్టులు కొనకుండా సుప్రీంకోర్టు తీర్పు చదవగలిగాడు. తీర్పు ఉండాలి. అందులో "ఏ4" అన్నది సరిపోతుంది, వాడి పేరూ మా బాబాయి డోరు నంబరూ న్యాయశాస్త్రానికి ఏం పనికొస్తాయి? పేరు తీస్తే వాదన బలం తగ్గుతుందా? పైగా చెరిపే తలుపు బార్లా తెరిస్తే ముందు దూరేది మావాడు కాదు, కార్లలో వచ్చేవాళ్ళు.

ఆ కార్లవాళ్ళ సంగతి వేరు. ఎన్నికల్లో నిలబడితే తమ మీదున్న కేసుల్ని బాగా అమ్ముడుపోయే పేపర్లలో కనీసం మూడుసార్లు వేయించాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. వేయిస్తారు. మనం ఆ పేపర్లోనే బజ్జీలు పొట్లం కట్టించుకుని తింటూ వెళ్ళి ఓటేస్తాం. అన్ని కేసులున్నాయంటే పనిమంతుడే అయ్యుంటాడంటాం. కేసే లేదని కోర్టు చెప్పినవాడికి మాత్రం పిల్లనివ్వం.

సరే, బాబాయి రిట్టు వెయ్యలేదు. వెయ్యకపోయినా వాడికి సంబంధం కుదిరింది. పిల్ల అన్నగారి పేరు కూడా ఏదో కేసులో ఏ3గా ఉందట. రెండువైపులవాళ్ళూ ఫోన్లు చూసుకుని, జాతకాలు కలిశాయన్నారు.

ఇబ్బందల్లా ఇంకొకరికి వచ్చింది. తీర్పులో ఉన్న డోరు నంబరు ఇల్లు బాబాయి ఎప్పుడో అమ్మేశాడు. అందులో ఇప్పుడు బ్యాంకు ఉద్యోగి ఒకాయన అద్దెకుంటున్నాడు, పెళ్ళికాని కుర్రాడు. మొన్న ఆదివారం భీమవరం నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి, గుమ్మం ముందు చెప్పులు విప్పకుండానే అడిగారట: "ఏవండీ, 498ఏ వారిల్లు ఇదేనాండీ?"