తుపాకీ లేని పటాలం

బరంపురంలో మిలిటరీ బాబు ఒక్కనాడైనా సైన్యంలో పనిచేసినవాడు కాడు. చేసివుంటే పాత సైనిక వస్తువుల మీద ఇంత పిచ్చి పట్టేది కాదు. నిజంగా పనిచేసి వచ్చిన హవల్దారు ట్రంకుపెట్టెను అటకమీదికి తోసేసి, లుంగీ కట్టుకుని, క్యాంటీన్ కార్డు ఒక్కటే భద్రంగా దాచుకుంటాడు. మన బాబు ఆ ట్రంకుపెట్టె కోసమే హవల్దారు ఇంటిచుట్టూ ప్రదక్షిణాలు చేస్తాడు. పదహారు కిలోమీటర్ల అవతల గోపాలపూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. అక్కడ ఫిరంగులు పేల్చిన రోజున ఆ చప్పుడు ఇంట్లో కూర్చుని విన్నానని ఒట్టేసేవాడు ఊరు మొత్తానికీ ఇతనొక్కడే. 1959 నాటి ఆయుధ చట్టం పుణ్యమా అని లైసెన్సు లేనిదే తుపాకీ ఇంటికి రాదు కనుక, ఇతని పటాలమంతా సీసాలు, సంచులు, పట్టీలు, మెస్ టిన్నులే. తూటాల పెట్టె ఒకటుంది. మూతకు రబ్బరు అంచు ఉండటంతో చెమ్మ లోపలికి పోదు. ఆ సంగతి ముందుగా కనిపెట్టింది ఇల్లాలు. అందులో అప్పడాలు పోసింది. సేకరణ మొత్తంలో ఇప్పటికీ డ్యూటీలో ఉన్నది ఆ పెట్టె ఒక్కటే.

ఇతన్ని చూసి నవ్వడానికి కారణాలు వెతుక్కోనక్కర్లేదు. ఋషికుల్య సముద్రంలో కలిసేచోట, 1768లో కుంఫిణీవాళ్లు మొదలుపెట్టిన పోటాగఢ్ కోట ఉంది. గంజాం జిల్లాలో గుండ్రంగా ఏ ఇనుము దొరికినా అది ఆ కోట ఫిరంగి గుండేనని ఇతని సిద్ధాంతం. కిరాణా కొట్టు ముసలాయన దాన్ని చేత్తో ఎత్తి చూసి తూకం గుండు అంటాడు. ఇద్దరి మాటా తేలేదాకా తాకట్టు పడేది బాబు గుండే. ఇత్తడి దిక్సూచి మీద 1885 అని చెక్కివుంటే చాలు, రూర్కీలోనో మొరాదాబాద్‌లోనో మొన్న పోతపోసిన సరుకైనా కళ్లకద్దుకుంటాడు. పాత నీళ్లసీసా మీద చిన్న బాణం గుర్తు కనబడితే అది యుద్ధం ఏ దిక్కున జరిగిందో చూపిస్తోందంటాడు. అది ఒట్టి సర్కారు ముద్ర. ఈ సొత్తు ఎత్తుకుపోతే పట్టుకుంటామని దొంగలకు చేసిన హెచ్చరిక. బాణం పక్కన ‘ఐ’ అక్షరం ఉంటే ఇండియా సర్కారుదని అర్థం.

అయినా నా అభియోగం ఈ అమాయకత్వం మీద కాదు. వస్తువు దొరికింది కదా అని మనిషిని పారేస్తాడే, దాని మీద. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇచ్చిన వెండి పతకాన్నే తీసుకోండి. ఒకవైపు అయిదో జార్జి తల. రెండోవైపు గుర్రం మీద ఒంటిమీద నూలుపోగు లేని వీరుడు, పక్కన 1914, 1918. మిలిటరీ బాబు ఈ రెండు ముఖాలనూ చింతపండుతో ఒకసారి, బ్రాసోతో ఒకసారి తోమి తళతళలాడిస్తాడు. అసలు సంగతి ముఖాల మీద ఉండదు, అంచున ఉంటుంది. సిపాయి నంబరు, హోదా, పేరు, పటాలం అన్నీ అక్కడే చిన్న అక్షరాల్లో చెక్కివుంటాయి. తోమేకొద్దీ ముందు అరిగేది ఆ పేరే. పతకంతోబాటు వచ్చిన డిశ్చార్జి కాగితం సంగతి ఇంకా ఘోరం. ఆ కాగితంలో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది కనుక, అంతకు ముందటి కాగితంలో ఈ ఊళ్లు మద్రాసు లెక్కలో కనబడతాయి. అలాంటి కాగితాన్ని చెదలు తిన్నదని వదిలేసి, చెదలు తినని మెస్ టిన్ను చంకన పెట్టుకుని వస్తాడు.

సైనికుల వస్తువులతో ఆటలేమిటి, అది వాళ్లకు అవమానం కాదా అంటారు కొందరు. చట్టం కూడా అంత కోపంగా లేదు. సైనికుణ్ణని జనాన్ని నమ్మించే ఉద్దేశంతో ఆ దుస్తులు వేస్తేనే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ పట్టుకుంటుంది. మన బాబు తనను సైనికుడనుకోవాలని కోరడు, సైనికులకన్నా ఎక్కువ తెలిసినవాడనుకోవాలంటాడు; దానికి ఇంకా సెక్షన్ రాయలేదు. ఇంకో వాదనకు బలం ఎక్కువ: ఇతనే లేకపోతే ఆ పతకం కంసాలి కుంపటికి పోయేది కదా? నిజమే. అందులో రెండు తులాలకు పైగా వెండి ఉంది. అలా కరిగిపోయినవి లోకంలో కొల్లలు. కాని కుంపటి ఒక్కసారిగా చేసే పనినే చింతపండు మెల్లగా చేస్తుంది. కాపాడినవాడు చదవకపోతే కాపాడింది వెండినే.

చదవవలసిన అవసరం తెలుగువాడికి మరీ ఎక్కువ. ఒకప్పుడు ఉత్తరాదిన కుంఫిణీ సిపాయికి ‘తిలంగా’ అనే పేరుండేది, మన పేరే అది. తర్వాత యుద్ధజాతుల సిద్ధాంతం తలకెక్కిన దొరలు మద్రాసు సైన్యంలోకి తెలుగువాళ్ల భర్తీ తగ్గించుకుంటూ పోయారు. పేరు భాషలో మిగిలింది, మనుషులు ఇళ్ల జ్ఞాపకాల్లోంచి జారిపోయారు. బహుశా ఆ ఖాళీని నింపుకోవడానికే మిలిటరీ బాబు ఇంత ఇనుము మోస్తున్నాడు. అలాగైతే నవ్వు ఆపి ఒక్క మాట చెబుదాం: బాబూ, ఈసారి పతకం దొరికితే చింతపండు నానబెట్టకు. భూతద్దం తెచ్చి ముందు అంచు చదువు, ఆ పేరు ఓ కాగితం మీద రాసిపెట్టు.