గుట్టెక్కుడు గూడ నేర్పాల్నా?

ఏందిరా పిల్లలూ, గుట్టెక్కుడు గూడ బళ్లె నేర్సుకుంటుండ్రట గిప్పుడు! భువనగిరి ఏకశిల గుట్ట కాడ అసొంటి బడి ఉన్నది. నడుముకు పట్టీ, కాళ్లకు బిగుతు బూట్లు, కింద తాడు పట్టేటందుకు ఇంకో మనిషి, నెత్తికి టోపీ. టోపీ మేం గూడ పెట్టుకున్నం గని బొగ్గుబాయిల దిగేటందుకు. ఎక్కేటోనికి టోపీ ఎందుకో నాకైతె సమజ్ కాదు.

మా రోజుల్ల ప్లేడే, గదే బాయి సెలవు దినం, వచ్చిందంటె గోదావరిఖని కెల్లి సైకిల్లేసుకొని రామగిరి ఖిల్లాకు పోతుంటిమి. బేగంపేటల ఎవలింటి ముందటనో సైకిళ్లు ఆనిచ్చి, తాళం గీళం లేకుంటనే గుట్టెక్కుడు. అప్పట్ల దొంగలకు గూడ మర్యాద ఉంటుండె. శ్రావణమాసంల గుట్ట పచ్చగైతె జనం జాతరకు వచ్చినట్టు వస్తుండె. ఆయుర్వేదం సదివే పిల్లలు మూలికల కోసం వంగి వంగి ఎతుకుతుండె. మేం మాత్రం మెట్ల తొవ్వ ఇడిసిపెట్టి అడ్డంగ బండలు పట్టి ఎగవాకుడు. ఏళ్లకు సందు దొరికితె సందు, సందు లేకుంటె చెట్టేరు, అది గూడ లేకుంటె ముందటోని లుంగి. అది ఊడిందంటె నవ్వుకే సగం మందిమి జారుతుంటిమి. పైన బురుజు కాడ సద్ది ఇప్పితె మాకంటె ముందు కోతులు కూసుంటుండె.

బాయిల నేర్సిన ఇద్దె గుట్ట మీద పనికొస్తుండె. లోపట కప్పును కట్టెతోని కొట్టి సప్పుడు ఇంటం. గణగణ మోగితె గట్టిది, బోలుగ మోగితె ఎప్పుడన్న ఊడుతది. గుట్ట మీద గూడ గంతే, రాయిని గుద్ది ఇన్నంకనే బరువేసుడు. మీకు గిప్పుడు బండను కొట్టి ఇనే చెవి ఏడున్నది? చెవులల్ల పాటలాయె.

ఎందుకెక్కిండ్రు తాతా అంటరు. 1889ల ఇల్లందుల బొగ్గు తవ్వుడు మొదలైన కాడికెల్లి మనోళ్లు కిందికి దిగుడే గద. షిఫ్టు మొత్తం భూమి కింద వొంగి నడిసినోనికి, నెత్తి మీద ఏమీ లేని జాగ ఒక్కటి కావాలె. గంతే. దానికి సర్టిఫికెట్ ఎవడిస్తడు?

గిప్పుడు ఎక్కుడు తక్కువ, చేతి రెండేళ్లు సూపిచ్చుకుంట ఫొటోలు దిగుడు ఎక్కువ. ఎక్కుదమన్నా గుట్టలేడున్నయి? కరీంనగర్ దిక్కు గ్రానైట్ గుట్టలు పలకలు పలకలై ఓడలెక్కి పరాయి దేశాలు పోయినయి. మనకాడ ఓపెన్ కాస్టు బొగ్గుబాయిల మట్టి కుప్పలు పోసి, మీద మొక్కలు నాటి, కొత్త గుట్టలు తయారు జేసిండ్రు. అవి గుట్టలా? పట్టుకుంటె పిడికిట్లకు వస్తయి. నిజం జెప్పాలంటె, నా మోకాళ్లకు గిప్పుడు అవి గూడ ఎత్తే.

తాడును ఎగతాళి జేస్తున్న గని, మా కాడ తాడు లేనిది ధైర్యానికి కాదు, కొనెటందుకు పైసలు లేక. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, కూలి చేసుకునేటోళ్ల బిడ్డ, భువనగిరి బండ మీదనే తాడు పట్టుడు నేర్సింది. పద్నాలుగేండ్లు నిండకముందే, 2014 మే 25న, ఖమ్మం పిలగాడు ఆనంద్ కుమార్ తోని కలిసి ఎవరెస్టు ఎక్కింది. మేం లుంగి పట్టుకొని రామగిరి దాటలే.

నెల్లూరు దిక్కు మల్లి మస్తాన్ బాబు 2006ల ఏడు ఖండాల ఏడు శిఖరాలు 172 రోజులల్ల ఎక్కిండు. 2015ల ఆండీస్ కొండలల్లకు పోయి పానంతోని తిరిగి రాలే. ఆయన ముచ్చట వస్తె నాకు గొణుగుడు బందైతది. అంత తెలిసినోన్ని గూడ కొండ ఉంచుకున్నది. మాసొంటి తెలివి తక్కువోళ్లను ఎందుకు ఇడిసిపెట్టిందో!

సరే, పోండ్రి రామగిరికి. తాడు గావాల్నంటె తీస్కపోండ్రి, టోపీ పెట్టుకోండ్రి. ఫోను మాత్రం ఇంట్ల పెట్టి... వద్దులే, కాలు బెణికితె ఎట్ల తెలుస్తది, అది గూడ తీస్కపోండ్రి. బురుజు కాడికి పోయినంక ఒక ఫొటో పంపుండ్రి, ముసలోన్ని సూసుకుంట. రెండేళ్లు మాత్రం సూపియ్యకుండ్రి!