బాగేపల్లికి భాగ్యం పట్టింది

2025 జూలై 2న కర్ణాటక మంత్రివర్గం నందికొండ ఎక్కింది. మామూలుగా ఆ కొండ ఎక్కేది బెంగళూరు కుర్రకారు. తెల్లవారుజామున మోటారు సైకిళ్ళ మీద వచ్చి, మబ్బుల ముందు నిలబడి ఫొటోలు దిగి, కిందికి వచ్చి దోసెలు తిని పోతారు. మంత్రులు ఎక్కారంటే మాత్రం ఉత్త చేతులతో దిగరు కదా. నీళ్ళేమైనా దించుతారేమోనని చిక్కబళ్ళాపురం జిల్లా అంతా మెడలు పైకెత్తి చూసింది. పేరు దించారు. బాగేపల్లి ఇక మీదట భాగ్యనగర అన్నారు.

మర్నాడు పొద్దున్నే బాగేపల్లి బస్టాండు పక్కన టీ అంగట్లో నిలబడ్డాను. బెంగళూరు బస్సు కోసం పూలగంప దించుకుంటున్న ఒకాయన అడిగాడు.

"యాలన్నా, ఉన్న పేరుకు ఏం కేడొచ్చిండాదంట?"

"పల్లి అనేది తెలుగు మాటంట."

"మనమూ తెలుగే కదన్నా! మనల్ని గూడా మారుస్తారా?"

టీ అంగడాయన గ్లాసును బక్కెట్లో ఒక్కసారి ముంచి తీశాడు. కడిగాడని అనలేం, కడిగినట్టు గ్లాసుకు చెప్పాడు. "మనల్ని మార్చల్లంటే తానం చేయించల్ల, దానికి నీళ్ళు గావాల. పేరు మార్చేదానికైతే ఒక డబ్బా పెయింటు చాలప్పా" అన్నాడు.

ఈ మాటలన్నీ తెలుగులోనే జరిగాయి. ఆ అంగడి నెత్తిన ఉన్న బోర్డు మాత్రం నిఖార్సయిన కన్నడం. మా ఊరి రాజ్యాంగం ఇదే: రాత కన్నడం, కూత తెలుగు. బోర్డుల్లో నూటికి 60 పాళ్ళు కన్నడం ఉండాలని 2024లో రాష్ట్రమంతటికీ చట్టం తెచ్చారు. బెంగళూరు పెద్ద అంగళ్ళవాళ్ళు దాని మీద తలలు పట్టుకున్నారు గానీ మా అంగళ్ళలో అంతకు ముందు నుంచే నూటికి నూరు. నోటికి ఇంతని ఇంకా చట్టం రాలేదు కనక బతికిపోతున్నాం. రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955లో పాత కోలారు జిల్లా లెక్క తీసి, తెలుగు మాట్లాడేవాళ్ళు సగం మందికి పైగానే ఉన్నారని చూసి కూడా, మీరు ఉన్నచోటనే ఉండండి అంది. ఉన్నాం. మా పిల్లలు కన్నడంలో పరీక్ష రాసి, సాయంత్రం తెలుగు సినిమాకు పోయి, మధ్యలో దోస్తులకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజీలు పంపుతారు. ఈ కాలమ్‌ను మా ఊళ్ళో చదవగలిగినవాళ్ళు వేళ్ళ మీద లెక్కకు వస్తారు. ఎవరైనా చదివి వినిపిస్తే తిట్టగలిగినవాళ్ళు వేలమంది.

ఇంతకీ పల్లి చేసిన పాపమేమిటి? కాస్త భాషాశాస్త్రం ఓపికపట్టండి, మళ్ళీ టీ అంగడికే వస్తాను. మన పాలు కన్నడంలో హాలు. మన పులి అక్కడ హులి, పువ్వు హూవు. అయితే వెయ్యేళ్ళ కిందటి కన్నడాన్ని తిరగేస్తే అక్కడా పాలే, పులే. ఊరు అక్కడ పళ్ళి. ఆ తర్వాత కన్నడిగుల నోట్లో 'ప' మెత్తబడి 'హ' అయింది, పళ్ళి హళ్ళి అయింది. అంటే బాగేపల్లిలో ఉన్న పల్లి పరాయివాడు కాదు, హళ్ళికి సొంత తాత. ఆ తాతను నువ్వెవరో మాకు తెలీదు పొమ్మని, సంస్కృతం ఇంటి నుంచి దత్తు తెచ్చుకున్నారు. భాగ్య అనే మాటలో, నగర అనే మాటలో భూతద్దం పెట్టి వెతికినా కన్నడం దొరకదు. కన్నడాన్ని కాపాడటానికి కన్నడం కాని పేరు పెట్టాలన్న ఆలోచన ఎవరికి తట్టిందో గానీ, ఆ బుర్రకు దండం పెట్టాలి.

భాగ్యం మీద ఈ మోజు మాకు కొత్త కాదు. 2013 నుంచి ఈ రాష్ట్రంలో బియ్యమిస్తే అన్నభాగ్య, బళ్ళో పాలు పోస్తే క్షీరభాగ్య, పెళ్ళికి డబ్బులిస్తే శాదీభాగ్య, పొలంలో నీటికుంట తవ్వుకోమంటే కృషిభాగ్య. పథకాలన్నిటికీ పెట్టగా ఇంకా భాగ్యం మిగిలినట్టుంది, ఊరికే తగిలించారు. జలభాగ్య ఒక్కటే పెట్టలేదు. అబద్ధం ఆడకూడదన్న నియమం ఎక్కడో ఒకచోట ఉండి ఉంటుంది.

అసలు తిరకాసు వేరే ఉంది. తెలుగువాడికి భాగ్యనగరం అంటే ఒక్కటే, హైదరాబాదు. తెలుగు వాసన పోగొట్టాలని పెట్టిన పేరు తెలుగువాళ్ళ రాజధానికి ఉన్న ముద్దుపేరు! బెంగళూరు నుంచి హైదరాబాదు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదే మా ఊరు. రేపు బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో కండక్టరు "భాగ్యనగర, భాగ్యనగర" అని కేకేస్తాడు. కొడుకు దగ్గరికి హైదరాబాదు పోవాల్సిన అనంతపురం అవ్వ ఒకతె ఎక్కి కూర్చుని, రెండు గంటలకల్లా దించితే, హైటెక్ సిటీ ఇంత తొందరగా వచ్చిందా అనుకుంటుంది. చుట్టూ చూస్తే చింతచెట్టు, పంచరు అంగడి, ఒక టోల్‌గేటు. అది మరీ అన్యాయమనిపించదు ఆమెకు, టోల్ ఉంది కాబట్టి నగరమే అయ్యుంటుంది.

అయితే హైదరాబాదుకు మేము ఊరకే బాకీ పడటం లేదు. పాత లెక్క ఒకటి ఉంది. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచేస్తే, ఇక ముందు ఊరు మునగకుండా ఉపాయం చెప్పమని నిజాం ప్రభుత్వం ఒక ఇంజనీరును పిలిపించింది. ఆయన చెప్పిన దారిలోనే తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. వరద ఆగింది, తాగునీళ్ళు కూడా దొరికాయి. ఆ ఇంజనీరు పుట్టింది చిక్కబళ్ళాపురం పక్కనున్న ముద్దేనహళ్ళిలో. ఇంటిపేరేమో ఆంధ్రాలోని మోక్షగుండం. మోక్షగుండం విశ్వేశ్వరయ్య! మేము భాగ్యనగరానికి చెరువులిచ్చాం, బదులుగా వాళ్ళ దగ్గర పేరు తెచ్చుకుంటున్నాం. బేరంలో ఎవరు గెలిచారో వేసవిలో వచ్చి చూడండి. ఆ మహానుభావుడు మైసూరు దివానుగా కన్నంబాడి ఆనకట్ట కట్టించి మండ్యకు చెరకు పండించి పెట్టాడు. పుట్టిన తాలూకాలో ఆయన పేరుతో జ్ఞాపకశాల ఉంది, నీళ్ళు లేవు. పొరుగింటి పెళ్ళికి పందిరి వేసినవాడి ఇల్లు కురుస్తుంటుందన్న సామెత ఉందో లేదో తెలియదు గానీ, ఉండాల్సింది.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మా వైపు కొళాయిని నల్లి అంటాం, అది కన్నడం పెట్టిన భిక్ష. హిందూపురం నుంచి మా ఇంటికి వచ్చిన చుట్టం ఒకాయన, అర్ధరాత్రి మా ఆవిడ "లేయండి, నల్లి వచ్చింది" అని కేక పెడితే, ఉలిక్కిపడి లేచి పరుపు దులిపాడు. ఆయన దులుపుతుండగానే వీధి వీధంతా బిందెలతో పరుగెత్తింది. నల్లి వచ్చే వేళ నీరుగంటికి తెలుసు, దేవుడికి తెలుసు. వాళ్ళిద్దరిలో నీరుగంటికే ముడుపు కడతారు మా ఆడవాళ్ళు. బిందెల వరసలో రాత్రిపూట ఒక్కో రాయి, ఒక్కో పాత చెప్పు, ఒక్కో పగిలిన ప్లాస్టిక్ డబ్బా పెట్టి ఉంటాయి. ఏ రాయి ఎవరిదో వీధికంతా తెలుసు. కులం అడగరు, పార్టీ అడగరు, రాయిని మాత్రం గౌరవిస్తారు.

నందికొండ చుట్టుపక్కల పుట్టిన ఏరులకు లెక్క లేదు: చిత్రావతి, పాపఘ్ని, పెన్న, పాలారు. పుట్టడం ఇక్కడే, కాస్త ఎదగగానే ఆంధ్రాకో తమిళనాడుకో పోతాయి. మా మగపిల్లలు బెంగళూరు పోయినట్టే. వాళ్ళు పండక్కైనా వస్తారు. బోర్లు వెయ్యి అడుగులు దాటి పదిహేను వందల దాకా దిగాయి. దొరికిన నీళ్ళల్లో ఫ్లోరైడు. బెంగళూరు మాత్రం మమ్మల్ని మరచిపోలేదు. వాళ్ళు వాడి వదిలిన మురుగును శుద్ధి చేసి పైపుల్లో మా చెరువులకు పంపుతోంది. చిక్కబళ్ళాపురం దగ్గర కందవార చెరువు ఆ నీళ్ళతోనే నిండింది. మా పూలు, మా కూరగాయలు, మా ద్రాక్ష, మా పాలు పొద్దున అటు పోతాయి, సాయంత్రానికి వాళ్ళ స్నానాల నీళ్ళు ఇటు వస్తాయి. దీన్ని అర్థశాస్త్రంలో ఏమంటారో నాకు తెలియదు. పల్లెలో అయితే ఎంగిలి విస్తరి అంటారు.

ఇక ఎత్తినహొళె. పడమటి కనుమల నీళ్ళను పైకెత్తి, మళ్ళించి, మా కరువు జిల్లాలకు తెస్తామని 2014లో చిక్కబళ్ళాపురంలోనే శంకుస్థాపన చేశారు. అప్పుడు అంచనా 8,323 కోట్లు. తర్వాత 12,912 కోట్లయింది, ఆ పైన 23,251 కోట్లు. 2024 సెప్టెంబరు 6న, గౌరీ పండగనాడు, సకలేశపుర దగ్గర మొదటి దశ ప్రారంభించారు. నీళ్ళను పైకెక్కించే ఆ పథకంలో ఇంతవరకూ బాగా పైకెక్కింది అంచనాయే. ఆ ఊపు చూసి మావాళ్ళు ఆశ వదులుకోలేదు. ఎంపీ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మా ఊళ్ళల్లో ఎత్తినహొళె పారుతుంది, మైకుల్లో.

పేరు మార్పు కూడా అనుకున్నంత సులువు కాదు లెండి. మంత్రివర్గం తీర్మానిస్తే చాలదు, కేంద్ర హోం శాఖ అభ్యంతరం లేదనాలి. దానికి తపాలా శాఖను, సర్వే ఆఫ్ ఇండియాను, రైల్వేను అడగడం రివాజు. ఇక్కడే నాకు నవ్వు ఆగదు. బాగేపల్లికి రైలు లేదు. స్టేషను లేదు, పట్టా లేదు, పుట్టపర్తికి లైను వేస్తామన్న మాటే ఏళ్ళ తరబడి కాగితాల మీద నడుస్తోంది. రైల్వేవాళ్ళు అభ్యంతరం చెప్పాలన్నా, ఏ ఊరు అని అడగాల్సిందే.

భాగ్యం ముందుగా పట్టబోయేది తాలూకా కచేరి ఎదురుగా ఉన్న జిరాక్సు అంగళ్ళకు. పహణి, ఖాతా, రేషను కార్డు, ఆధారు, కులం సర్టిఫికెట్టు, బళ్ళో టీసీ. ప్రతిదాని మీదా ఊరి పేరుంది. ఒక అంగడి పిల్లవాడు ఇప్పటికే గోడకు రేట్లు అంటించాడు. "పేరు ఇంకా కేంద్రం నుంచి రాలేదు గదరా" అంటే, "కాయితాలు రేటు పెరిగేలోపల తెచ్చి పెట్టుకున్యానన్నా" అన్నాడు. ప్రభుత్వం కన్నా ముందుచూపు ఉన్నవాడు. లేఅవుట్లవాళ్ళు ఇంకా ముందున్నారు. మా జిల్లాలో ఏ మిట్టనేల మీద నిలబడి చూసినా నందికొండ కనబడుతుందని వాళ్ళే కనిపెట్టారు. ఇకపై ప్రతి సైటూ భాగ్యనగరలో నందికి ఎదురుగా ఉంటుంది. బోరులో నీళ్ళున్నాయా అని అడిగితే, "వ్యూ ఉంది సార్" అంటారు.

పొరుగున చింతామణివాళ్ళు ఈ మధ్య కాస్త బితుకుగా ఉన్నారు. వాళ్ళ ఊరికి పేరొచ్చింది చింతామణిరావు అనే మరాఠా నాయకుడి వల్ల. తెలుగు వాసన పోగొట్టడం అయ్యాక మరాఠీ వాసన వంతు వస్తుందేమోనని వాళ్ళ దిగులు. టమోటా మార్కెట్టులో ఒకాయన్ని కదిపాను. ఆయన పదిహేను కిలోల పెట్టె మీద కాలు పెట్టి నిలబడి, "పేరుదేముందయ్యా, చింత మాదే, మణి మండీవాళ్ళది" అని, తిరిగి వేలంలోకి పోయాడు. తెలుగు, కన్నడం, ఉర్దూ, తమిళం నాలుగూ కలిపి పాడే ఆ వేలంపాటకు ఏ భాషా చట్టం పెడతారో చూడాలని ఉంది.

ఆ చింతామణి తాలూకాలోనే కైవారం. అక్కడి నారాయణ తాతయ్య గాజులమ్ముకుని బతికిన బలిజాయన. యోగి అయ్యి తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు పాడాడు, తెలుగులో కాలజ్ఞానం చెప్పాడు. కర్ణాటక ప్రభుత్వమే ఆయన జయంతి చేస్తుంది. పెద్దలు వేదికెక్కి కన్నడంలో ఉపన్యసిస్తారు, వాళ్ళు దిగగానే కింద కూర్చున్నవాళ్ళు తాళాలు తీసి తెలుగులో భజన ఎత్తుకుంటారు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. తాతయ్య గాజుల మలారం మోసుకుని ఊరూరూ తిరిగిన రోజుల్లో ఏ ఊళ్ళో ఏ భాషలో కేక వేశాడో ఎవరూ అడగలేదు, చేతికి సరిపోయిందా లేదా అని చూసుకున్నారు.

పోయిన వారం మళ్ళీ ఆ టీ అంగట్లోనే ఉన్నాను. ఆంధ్రా కారు ఒకటి ఆగింది. మా దగ్గర పెట్రోలు ఆంధ్రాలో కన్నా చవక కాబట్టి, సరిహద్దు దాటే ముందు ట్యాంకు నింపుకోవడం వాళ్ళకు అలవాటు. దిగినాయన "భాగ్యనగరం ఇంకా ఎంత దూరమండీ?" అన్నాడు. ఏ భాగ్యనగరమో అర్థం కాక అంగడాయన నా వైపు చూశాడు. నేను గ్లాసులోకి చూశాను.

"నాలుగు వందల డెబ్బై కిలోమీటర్లుండాది సార్" అని, ఒక్క క్షణమాగి, "లేదంటే వచ్చేసిండారు" అన్నాడు.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. ఈ దారిన పోతూ మా ఊరి కొత్త బోర్డు కనిపిస్తే హైదరాబాదు వచ్చిందనుకుని సామాను దించుకోకండి. టీకి దిగితే సంతోషం. తాగే నీళ్ళు మాత్రం బండిలోనే తెచ్చుకోండి.